రెండున్నర గంటల దూరము, తొమ్మిది నెలల నడక

మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వారి పుస్తకాల సంచిలో ఆఫ్రికా ఖండము పటము తప్పక ఉంటుంది. దానిని ముందు పెట్టుకొని, పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఈ వ్యాసము చదవవలసినదిగా మనవి. ఖండము దక్షిణ భాగములో, నలువైపులా ఇతర దేశములే తప్ప సముద్ర తీరము లేని జాంబియా అనే దేశము కనబడుతుంది. దాని రాజధాని లుసాకా. అక్కడ నుండి ఈశాన్య దిక్కుగా వేలు జరిపితే హిందూ మహాసముద్రము ఒడ్డున టాంజానియా దేశములోని దారెస్సలాం పట్టణము దొరుకుతుంది. ఆ దేశ రాజధాని దొదోమా అయినా, అన్నిటికంటె పెద్ద పట్టణము మాత్రము దారెస్సలామే. ఆ పేరుకు శాంతి నిలయము అని అర్థము. అదే సముద్రమునకు ఈవలి ఒడ్డున మన భారతదేశము ఉన్నది.

ఈ రెండు పట్టణముల మధ్య దూరమెంత, ప్రయాణమునకు పట్టే కాలమెంత అన్నదే ఈ నెల మనము ఆలోచించబోయే సంగతి. లెక్క చిన్నదే. అయితే ఆ లెక్క వెనుక మన క్రైస్తవ కుటుంబములు తెలుసుకోదగిన చరిత్ర ఒకటి దాగియున్నది.

ఆకాశములో లెక్క

విమానపు దూరము కొలిచే పద్ధతి తెలుసుకోవాలంటే బడిలో ఉండే గ్లోబు చాలు. లుసాకా మీద దారపు కొన ఒకటి, దారెస్సలాం మీద రెండవ కొన ఉంచి బిగువుగా లాగితే ఆ దారము పోయే మార్గమే భూమి మీద అతి దగ్గర మార్గము. దాని ప్రకారము ఈ రెండు పట్టణముల మధ్య దూరము సుమారు 1,500 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఆకాశమార్గమున సుమారు 1,250 కిలోమీటర్లు గనుక, దానికంటె కొంచెము ఎక్కువ అని మనము గుర్తు పెట్టుకోవచ్చు.

పెద్ద విమానము పైకి చేరిన తరువాత గంటకు 800 కిలోమీటర్ల వేగముతో పోతుంది. ఆ లెక్కన రెండు గంటలలోపే చేరాలి. కాని నేల మీద దొర్లుకుంటూ పరుగుదారికి చేరడము, మెల్లగా పైకెక్కడము, మెల్లగా దిగడము కూడా ఉంటాయి గనుక నేరుగా ఎగిరే విమానమునకు సుమారు రెండున్నర గంటలు పడుతుంది. నేరుగా పోయేది దొరకనప్పుడు నైరోబీ మీదుగా వెళ్తారు. అప్పుడు దూరము దాదాపు 2,500 కిలోమీటర్లు అవుతుంది. మధ్యలో మరొక విమానము కొరకు వేచియుండే కాలముతో కలిపి సగము దినము గడిచిపోతుంది. దూరము ఎక్కువైనందుకు కాదు, కాచుకొని ఉండడము వలననే ప్రయాణము పొడవు అవుతుందని విమానము ఎక్కినవారందరికీ తెలుసు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉన్నది. లుసాకాలో ఉదయము 10 గంటలకు బయలుదేరిన విమానము దారెస్సలాంలో దిగేసరికి అక్కడి గడియారము 12.30 కాదు, 1.30 చూపిస్తుంది. తిరుగు ప్రయాణములో 10 గంటలకు బయలుదేరితే లుసాకాలో 11.30కే దిగినట్టు కనబడుతుంది. టాంజానియా గడియారము జాంబియా గడియారముకంటె ఒక గంట ముందు నడుస్తుంది. మన గడియారము టాంజానియాకంటె మరి రెండున్నర గంటలు ముందు. తూర్పున ఉన్నవారికి ప్రొద్దు ముందుగా పొడుస్తుంది గనుక ఈ తేడా.

మరొక వింత కూడా చెప్పాలి. దారెస్సలాం ప్రజలు మాట్లాడే స్వాహిలీ భాషలో గంటలను సూర్యోదయము మొదలుకొని లెక్కిస్తారు. మనము ఉదయము 7 గంటలు అనే సమయము వారి వాడుకలో మొదటి గంట. మనకు మధ్యాహ్నము 12 అయితే వారికి ఆరవ గంట. యేసు ప్రభువు దినములలో యూదులు కూడా పగటి గంటలను ఈ విధముగానే లెక్కించేవారు. సువార్తలలోని గంటల లెక్కను సండేస్కూలు పిల్లలకు వివరించే ఉపాధ్యాయులకు ఈ సంగతి ఉపయోగపడగలదు.

నేల మీద లెక్క

లుసాకా విమానాశ్రయమునకు కెన్నెత్ కౌండా పేరు, దారెస్సలాం విమానాశ్రయమునకు జూలియస్ నైరేరే పేరు పెట్టారు. వీరిద్దరూ తమ దేశములకు మొదటి అధ్యక్షులు. కౌండా తండ్రి స్కాట్లాండు సంఘపు మిషనులో బోధకుడుగాను ఉపాధ్యాయుడుగాను పనిచేసినవాడు. నైరేరే రోమను కథోలిక విశ్వాసి. ఈ ఇద్దరి కాలములోనే ఈ దేశములను కలిపే రైలు మార్గము వచ్చింది.

జాంబియాలో రాగి గనులున్నాయి, కాని రేవు లేదు. రాగి ఓడ ఎక్కాలంటే పొరుగు దేశముల మీదుగా పోవాలి. 1965లో దక్షిణాన ఉన్న రొడీషియాలో తెల్లవారి ప్రభుత్వము తనంతట తానే స్వాతంత్ర్యము ప్రకటించుకున్న తరువాత ఆ దారి నమ్మదగినదిగా లేకపోయింది. అప్పుడు దారెస్సలాం రేవుకు కొత్త దారి కావలసివచ్చింది. చైనా దేశము వడ్డీ లేని అప్పు ఇచ్చి, వేల సంఖ్యలో పనివారిని పంపగా 1970 నుండి 1975 వరకు పని జరిగింది. టాజారా అనబడే ఈ మార్గము దారెస్సలాం నుండి లుసాకాకు ఉత్తరాన ఉన్న కపిరి మ్పోషి వరకు 1,860 కిలోమీటర్లు. ప్రయాణికుల బండికి వేళాపట్టికలో సుమారు రెండు దినములు అని వ్రాసేవారు. తరచుగా అంతకంటె ఎక్కువే పట్టేది. ఈ పనిలో ప్రాణములు కోల్పోయిన చైనా పనివారి సమాధుల తోట ఒకటి దారెస్సలాం దగ్గర ఉన్నది.

కాబట్టి విమానములో రెండున్నర గంటలు, రైలులో రెండు దినములు. మరి రైలు, రోడ్డు, విమానము ఏవీ లేని దినములలో ఈ దూరము ఎలా దాటారు? ఈ ప్రశ్నకు జవాబుగా మన ముందు ఒక నిజమైన ప్రయాణము ఉన్నది. అది 1873లో మొదలై 1874లో ముగిసింది. అప్పటికి లుసాకా పట్టణము లేదు. దారెస్సలాంను జాంజిబారు సుల్తాను 1860ల దశకములో కట్టడము ప్రారంభించినా, 1870లో ఆయన మరణించగా పని కుంటుపడింది. అందుచేత ఆ ప్రయాణము ఇప్పటి లుసాకాకు ఈశాన్యముగా ఉన్న అడవిలో మొదలై, దారెస్సలాంకు ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరములోని బగమోయో రేవులో ముగిసింది.

చిటాంబో గ్రామములో

డేవిడ్ లివింగ్‌స్టన్ దొర పేరు మన సండేస్కూళ్ళలో తెలియనివారు అరుదు. 1813లో స్కాట్లాండులో బీద కుటుంబములో పుట్టి, నూలు మిల్లులో పనిచేసుకుంటూ చదివి, వైద్యుడై, 1841లో మిషనరీగా ఆఫ్రికా చేరాడు. బానిసల వ్యాపారము ఆ ఖండమును ఎలా పీల్చివేస్తున్నదో లోకమునకు చెప్పిన గొంతులలో ఆయనది ముఖ్యమైనది. 1866లో నైలు నది పుట్టిన చోటు వెదకడానికి బయలుదేరి మరి తిరిగి రాలేదు. 1873 మే నెల మొదటి దినములలో, బంగ్వేలు సరస్సుకు దక్షిణాన చిటాంబో అనే నాయకుని గ్రామములో, తెల్లవారకముందే ఆయన పడక ప్రక్కన మోకాళ్ళ మీద ఉండి మరణించినట్టు సేవకులు చూశారు.

వెంట ఉన్నవారు సుమారు అరవైమంది. అందరూ ఆఫ్రికా వారే. వారిలో పెద్దలు సూసీ, చూమా. జీతమిచ్చే యజమాని ఇక లేడు. ఆయనను అక్కడే పాతిపెట్టి ఎవరి దారిన వారు వెళ్ళిపోయినా అడిగేవారు లేరు. శవమును మోసుకొని పరాయి గ్రామముల గుండా పోవడము ప్రాణాపాయము, ఎందుకంటే ఆ ప్రాంతములవారు దానిని గొప్ప కీడుగా ఎంచేవారు. చిటాంబో కూడా మంచి మనస్సుతో ఇక్కడే సమాధి చేయుడని సలహా ఇచ్చాడు. అయినా వారందరూ కూడి ఆలోచించి, ఆయనను ఆయన స్వజనుల యొద్దకు చేర్చాలని తీర్మానించుకున్నారు.

గుండెను, లోపలి అవయవములను ఒక చెట్టు క్రింద పాతిపెట్టారు. దేహమునకు ఉప్పు పట్టించి రెండు వారములు ఎండలో ఆరబెట్టారు. తరువాత గుడ్డలో చుట్టి, చెట్టు బెరడుతో చేసిన గొట్టములో ఉంచి, పైన ఓడ తెరచాప గుడ్డ కుట్టారు. చెట్టు మీద పేరును తేదీని చెక్కినవాడు, సమాధి ఆరాధన క్రమమును చదివినవాడు జేకబ్ వెయిన్‌రైట్ అనే యౌవనుడు.

నాసిక్‌లో చదివిన బిడ్డలు

ఈ జేకబ్ ఎవరు? బానిసల ఓడ నుండి విడిపించబడిన ఆఫ్రికా బాలుడు. అటువంటి పిల్లలను బ్రిటిషు నౌకలు బొంబాయికి తెచ్చేవి. చర్చి మిషనరీ సొసైటీ వారు నాసిక్ దగ్గర శరణపూరులో వారిని పెంచి, చదువు చెప్పి, చేతిపనులు నేర్పేవారు. జేకబ్ అక్కడే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. లివింగ్‌స్టన్ వెంట నడిచినవారిలో ఇటువంటి నాసిక్ బిడ్డలు ఎందరో ఉన్నారు. చూమా కూడా బానిసల గొలుసు నుండి విడిపించబడినవాడే. లివింగ్‌స్టన్ 1864లో తన చిన్న ఆవిరి ఓడలో జాంజిబారు నుండి బొంబాయి వచ్చినప్పుడు అతనిని వెంట తెచ్చి అక్కడి మిషను పాఠశాలలో ఉంచాడు. అతడు 1865లో బొంబాయిలోనే బాప్తిస్మము పొందాడు. అడవి మధ్య ఆ చెట్టు క్రింద వినబడిన సమాధి ప్రార్థనలు మన దేశపు మిషను బడిలో నేర్చుకున్నవని తలంచినప్పుడు దేవుని సంకల్పము ఎంత దూరము పనిచేస్తుందో కదా అనిపిస్తుంది.

తొమ్మిది నెలలు

మే నెల మధ్యలో వారు బయలుదేరారు. కొద్ది దినములకే సగము మంది జబ్బుపడి ఇంచుమించు నెలపాటు ఆగిపోయారు. ఇద్దరు స్త్రీలు మరణించారు. తరువాత మార్గములో ఒక బాలిక పాము కాటుకు చనిపోయింది. తోడుగా ఉన్న గాడిదను సింహము చంపింది. ఒక గ్రామములో లోపలికి రానియ్యనందున కొట్లాట జరిగి ఆ ఊరివారిలో కొందరు చనిపోయారన్నదీ చరిత్రలో ఉన్నది; దానిని మేము దాచము. వారు దేవదూతలు కారు, అలసిన మనుష్యులు. లివింగ్‌స్టన్‌కు వంట చేసిన హలీమా అనే స్త్రీ కూడా వారిలో నడిచింది.

వారు బయలుదేరిన కొద్ది వారములకు, 1873 జూన్ 5న, జాంజిబారు సుల్తాను బానిసల సంతను మూయడానికి ఒప్పుకొని సంతకము చేశాడు. లివింగ్‌స్టన్ జీవితమంతా కోరినది ఇదే. ఆయన దానిని వినకుండానే కన్ను మూశాడు. ఆయనను మోస్తున్నవారికి కూడా అప్పుడు తెలియదు, ఎందుకంటే ఆ దినములలో వార్త కూడా మనుష్యుని కాళ్ళ మీదనే నడవాలి.

అక్టోబరు నెలలో వారు ఇప్పటి టబోరా పట్టణము దగ్గరికి చేరారు. లివింగ్‌స్టన్‌ను వెదకడానికి ఇంగ్లాండు నుండి వచ్చిన కెమెరాన్ అనే అధికారి అక్కడ ఎదురయ్యాడు. ఇక ముందుకు పోవడము అపాయము, ఇక్కడే సమాధి చేయుడని ఆయన కూడా అన్నాడు. వారు ఒప్పుకోలేదు. మరికొంత దూరము పోయిన తరువాత శవమును తమ ఊరి గుండా పోనివ్వమని జనులు అడ్డుపడగా ఒక ఉపాయము చేశారు. ఉత్త కట్టెలు గడ్డి కట్టి శవము వలె చుట్టి, సమాధి చేయడానికి వెనుకకు తీసుకొని పోతున్నట్టు కొందరిని పంపారు. అసలు దేహమును మామూలు గుడ్డల మూట వలె కట్టి సరకుల మధ్య మోశారు.

1874 ఫిబ్రవరి మధ్యలో సముద్రము కనబడింది. నడిచిన దూరము వెయ్యి మైళ్ళకు, అనగా 1,600 కిలోమీటర్లకు పైమాట. ఆగిన దినములతో కలిపి లెక్కిస్తే దినమునకు సగటున ఆరు కిలోమీటర్లు. అంత దూరమును నేటి విమానము అర నిమిషములో దాటిపోతుంది.

బగమోయో అనే పేరుకు గుండెను దించి వదిలిపెట్టు అని అర్థము చెప్తారు. లోపలి దేశము నుండి గొలుసులతో నడిపించబడిన బానిసలు ఓడ ఎక్కే రేవు అది. గుండెను అడవిలో వదిలి వచ్చిన లివింగ్‌స్టన్ దేహము ఆ రేవుకే చేరింది.

ఆ తరువాత

ఓడ వచ్చి దేహమును తీసుకొని పోయింది. జీతములు లెక్క కట్టి ఇచ్చి మోసినవారిని పంపివేశారు. జేకబ్ ఒక్కడు దేహముతో కూడ ఇంగ్లాండు వెళ్ళాడు. ఏప్రిల్ 15న ఓడ సౌతాంప్టన్ రేవు చేరింది. పూర్వము సింహము కరిచి విరిచిన ఎడమ చేతి ఎముక గుర్తును బట్టి ఇది లివింగ్‌స్టన్ దేహమేనని వైద్యులు నిర్ధారించారు. 1874 ఏప్రిల్ 18న లండనులోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేసినప్పుడు పెట్టెతోపాటు నడిచిన పెద్దలలో జేకబ్ కూడా ఉన్నాడు. సూసీ, చూమా అక్కడ లేరు. వారిని తరువాత ఒక మిత్రుడు ఇంగ్లాండుకు రప్పించాడు. వారు చెప్పిన వివరములతోనే లివింగ్‌స్టన్ చివరి దినచర్య పుస్తకము అదే సంవత్సరము అచ్చయింది. మోసినవారందరికీ ఇవ్వాలని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ వారు పతకములు చేయించారు గాని, అప్పటికే వారు తలొక దిక్కు చెదిరిపోయినందున ఎక్కువమందికి అవి అందలేదు.

చూమా తరువాత మిషనరీలకు దారి చూపే నాయకుడై, 1876లో బిషప్ స్టీర్ గారిని మసాసీకి నడిపించాడు. 1882లో జాంజిబారులో మరణించాడు. సూసీ 1886లో బాప్తిస్మము పొంది దావీదు అనే పేరు తీసుకొని 1891లో ప్రభువునందు నిద్రించాడు.

అబ్బేలోని సమాధి రాతి మీద, నమ్మకమైన చేతులు ఈయనను నేలమీదను సముద్రముమీదను మోసి తెచ్చినవన్న భావము చెక్కబడి ఉన్నది. ఆ చేతులు ఎవరివో ఆ రాతి మీద లేదు.

మన సంఘములలో

యోసేపు తన ఎముకలను ఐగుప్తు నుండి తీసుకొని పోవాలని సహోదరులచేత ప్రమాణము చేయించుకున్న సంగతి ఆదికాండము 50వ అధ్యాయములో చదువుతాము. మోషే వాటిని తీసుకొని బయలుదేరాడు. అరణ్యములో అన్ని సంవత్సరములు గడిచిన తరువాత అవి షెకెములో పాతిపెట్టబడినట్టు యెహోషువ గ్రంథము 24వ అధ్యాయములో ఉన్నది. మధ్యలో వాటిని దినదినము భుజము మీద మోసినవారి పేర్లు మనకు తెలియవు. అయితే పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో చివరి అధ్యాయము చూడండి. అక్కడ ఆయన తనతో ప్రయాసపడిన స్త్రీలను పురుషులను పేరు పేరున జ్ఞాపకము చేసుకుంటున్నాడు. దేవుని ఎదుట ఎవరి పేరూ మరుగుపడదు. కాని మన ఎదుట మరుగుపడకుండా చూడవలసిన పని మనదే.

మన పల్లెలలోని దేవాలయముల గోడలకు రాళ్ళున్నాయి. పునాది వేసిన దొరగారి పేరు, ప్రతిష్ఠించిన బిషప్పుగారి పేరు, చందా ఇచ్చినవారి పేర్లు వాటి మీద ఉంటాయి. అది మంచిదే. కాని ఆ దొరగారి బండి తోలినవారెవరు? ఆయనకు తెలుగు నేర్పినవారెవరు? ఏటి ఇసుకను తట్టలతో మోసిన తల్లులెవరు? ఎండలో ఊరూరు తిరిగి, గడపలో కూర్చుండి, చదువురాని స్త్రీలకు వాక్యము కంఠస్థము చేయించిన బైబిలు స్త్రీ ఎవరు? ఇవి రాతి మీద లేవు. ఎనభై సంవత్సరములు దాటిన అవ్వల జ్ఞాపకములో మాత్రము ఉన్నాయి. ఆ అవ్వలు వెళ్ళిపోతే అవి కూడా వెళ్ళిపోతాయి.

అందుచేత మా మనవి ఒకటే. ఈ నెలలో ఒక ఆదివారము సాయంకాలము యౌవనస్థులు ఒక నోటు పుస్తకము తీసుకొని సంఘములోని పెద్దవారి ఇండ్లకు వెళ్ళండి. మన ఊరికి సువార్త ఎవరి కాళ్ళ మీద వచ్చింది, ఏ ఊరి నుండి వచ్చింది, నడవడానికి ఎన్ని దినములు పట్టింది అని అడగండి. చెప్పిన పేర్లన్నీ వ్రాసుకోండి. అచ్చు తప్పులున్నా ఫరవాలేదు, ఆ పుస్తకమును సంఘపు రిజిస్టర్ల ప్రక్కన భద్రము చేయండి. వచ్చే వార్షికోత్సవము దినమున పాదిరిగారిని అడిగి ఆ పేర్లను ఆరాధనలో గట్టిగా చదివించండి.